ఎడమకు గుంజే జీపు

వెంకట్రాజం సేటు దగ్గర సారంగపాణి డ్రైవరుగా చేరి ఆరేళ్లయింది. సేటుది వరంగల్‌లో పత్తి వ్యాపారం. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు ఊళ్లు తిరగడానికి ఆయనకొక పాత జీపు ఉండేది. ఆ ఆరేళ్లలో సారంగపాణి జీపుకు ఒక్క గీత పడనివ్వలేదని సేటు నలుగురిలో చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా సారంగపాణి తల వంచుకుని నిలబడేవాడు గాని, లోపల మాత్రం ఛాతీ విప్పారేది.

ఎనభై నాలుగు జూన్‌లో, వానలు పడకముందే జీపుకు నాలుగు కొత్త టైర్లు వేయించాలనుకున్నారు. టైర్లు సేటే కొనుక్కొచ్చాడు. ఎక్కడ ఎక్కించాలన్న దగ్గర ఇద్దరికీ మాట కుదరలేదు. ములుగు రోడ్డు మీద బక్కమ్మ దగ్గరికి పోదామన్నాడు సారంగపాణి. ఆడమనిషి టైర్లు ఎక్కించుడేందని సేటు నొసలు ముడిచాడు. ఒక్కసారి చూడమని సారంగపాణి పట్టుబట్టాడు. ఆరేళ్లలో అతను దేనికీ అంతగా పట్టుబట్టింది లేదు, అందుకని సేటు సరే అన్నాడు.

బక్కమ్మకు అప్పటికి నలభై ఉంటాయి. పేరుకు బక్కమ్మ గాని ఎముక గట్టి మనిషి. ఆ దుకాణం ఆమె భర్త మొగిలయ్యది. ఎనిమిదేళ్ల కింద లారీ చక్రానికి గాలి కొడుతుంటే ఇనుప రింగు ఊడి ఎగిరొచ్చి మొగిలయ్య కుడి చేతిని విరిచేసింది. ప్రాణం దక్కింది, చెయ్యి మాత్రం మళ్లీ బరువు పట్టలేదు. నెల రోజులు దుకాణం మూతబడింది. ఆ తర్వాత ఒక పొద్దున బక్కమ్మ చీర కొంగు నడుముకు చుట్టి, టైరు అంచు లేపే పెద్ద పట్టీకడ్డీ చేతిలోకి తీసుకుంది. మొగిలయ్య మంచం మీద కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. మొదట్లో లారీ డ్రైవర్లు నవ్విపోయేవారు. రెండేళ్లు తిరిగేసరికి వాళ్లే వరుసలో నిలబడ్డారు. నీళ్ల తొట్టిలో ముంచినా బుడగ కనిపించనంత సన్న చిల్లును ఆమె ట్యూబును తడి చెంపకు ఆనించి కనిపెట్టేది. అది సారంగపాణి తన కళ్లతో చూశాడు. అందుకే పట్టుబట్టాడు.

పొద్దున తొమ్మిదికల్లా నాలుగు టైర్లూ ఎక్కాయి. సేటు పక్కనున్న కట్టయ్య చాయ్ హోటల్లో కూర్చుని అంతా చూశాడు గాని బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. జీపు వరంగల్ దిక్కు కదిలింది. రెండు ఫర్లాంగులు పోయేసరికి సారంగపాణి చేతుల్లో స్టీరింగు ఎందుకో బరువుగా తోచింది. రోడ్డు వాలేమో అనుకున్నాడు. ఎదురుగా బండ్లు లేనప్పుడు కుడి పక్కకు తెచ్చి చూశాడు. అక్కడా అంతే. చెయ్యి కాస్త వదిలితే చాలు, జీపు ఎడమకు, రోడ్డు దిగి కాలువ దిక్కుకే పోతోంది. చెప్పకుండా దాచలేనంతగా గుంజుతోంది. పక్కన కూర్చున్న సేటు కూడా గమనించనే గమనించాడు.

"స్టీరింగ్ అట్ల వంకర పట్టినవేంది సారంగం?"

"బండి ఎడమకు గుంజుతాంది సేటు," అన్నాడు సారంగపాణి.

సేటు జీపు తిప్పమన్నాడు. దుకాణం ముందు దిగీ దిగకముందే నోరు చేసుకున్నాడు. పొద్దుటిదాకా తిన్నగా నడిచిన బండి ఈ చేతులు పడ్డాకే వంకర పోయిందన్నాడు. ఆడమనిషి చేతికి బండి ఇయ్యొద్దని తను ముందే అన్నానన్నాడు. తెల్లారితే ఇంటిల్లిపాదీ వేములవాడకు పోవాలి, ముసలి తల్లి, చిన్న పిల్లలు, ఈ బండిలో ఎట్లా ఎక్కించాలన్నాడు. కట్టయ్య హోటల్లో చాయ్ తాగుతున్న డ్రైవర్లంతా గ్లాసులు పట్టుకుని అటే చూశారు. మొగిలయ్య మంచం మీంచి లేవబోయాడు. బక్కమ్మ అతనికి చేత్తో సైగ చేసి ఆపింది. ఆమె ముఖంలో కోపం కనిపించలేదు. సేటు ఊపిరి తీసుకునేదాకా ఆగి అంది:

"బండి ఈడ వెట్టి పోండి సేటు. పొద్దుగూకేలోపల ఎందుకు గుంజుతాందో చెప్త. తప్పు నాదైతే ఇదే జాగల నాదని చెప్త."

సేటు రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. బండిని తీసుకెళ్లడానికి సారంగపాణి ఉండిపోయాడు. మంచి మాట చెప్పి ఈమెకు మాట తెచ్చిపెట్టానే అని అతనికి లోపల ఒకటే గుంజాటన. అక్కా, ఏమనుకోకు అని ఏదో చెప్పబోతే, ఆమె వినకుండా గాలి కొలిచే గేజీ తీసుకుని జీపు దగ్గరికి నడిచింది.

నాలుగు చక్రాల్లోనూ గాలి చూసింది. ముందు రెండూ సమానం, వెనక రెండూ సమానం. "గాలి కాదు," అంది. తర్వాత సారంగపాణితో జీపును మైలు దూరం తోలించి, బ్రేకు మీద కాలు పెట్టకుండా తెచ్చి ఆపించింది. ఆగగానే వంగి ముందు చక్రాల డ్రమ్ముల మీద రెండు అరచేతులూ పెట్టింది. ఒక పక్క బ్రేకు పట్టుకుని ఉంటే ఆ పక్క డ్రమ్ము కాలుతుంది. రెండూ ఒకే తీరు గోరువెచ్చగా ఉన్నాయి. "బ్రేకు గాదు," అంది. జాకీ పెట్టి ముందు చక్రాలు పైకి లేపింది. ఒక్కోదాన్ని తిప్పి చెవి దగ్గరగా పెట్టి విన్నది, రెండు చేతులా పట్టి పైకీ కిందికీ, పక్కలకూ ఊపింది. బేరింగుల్లో గరగర లేదు, స్టీరింగు రాడ్లలో వదులు లేదు.

ఒక్కో పని కాగానే ఆమె తొందరపడకుండా లేచి నిలబడేది. ఇది కాదు అని తేలితే ముఖంలో దిగులు కాకుండా ఒక తేట కనిపించేది. సారంగపాణి చాలామంది మెకానిక్‌లను చూశాడు. వచ్చీ రాగానే ఇదే అని చెప్పి, అది విప్పి, అది కాదంటే ఇంకోటి విప్పేవాళ్లు. ఈమె ఏదీ విప్పకముందే ఒక్కో అనుమానాన్నీ వరుసగా ఇంటికి పంపేస్తోంది.

అప్పుడు మొగిలయ్య, టైర్లలోనే ఏదైనా దోషం ఉందేమో చూడమన్నాడు. ఒక్కోసారి కొత్త టైరే వంకరగా పుడుతుంది, వేసినవాళ్లది తప్పు కాదు, చేసినవాళ్లది అన్నాడు. బక్కమ్మ తల ఊపింది. ముందు రెండు చక్రాలూ ఊడదీసి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసింది.

"టైరుల గుణముంటే టైరుతోని పోవాలె తమ్మీ," అంది సారంగపాణితో. "ఇప్పుడు కుడికి గుంజితే టైరుది. ఇంక ఎడమకే గుంజితే బండిది. పోయి చూసి రా."

ఆ మాటలోని సూటిదనం సారంగపాణికి ఎంత నచ్చిందంటే, తోలుతున్నంత సేపూ దాన్నే తలుచుకున్నాడు. జీపు మాత్రం ఎడమకే గుంజింది. తిరిగొచ్చి చెప్పాడు. ఆమె చిన్నగా ఊపిరి వదిలింది. టైర్ల మీద, తన చేతుల మీద ఉన్న నింద అక్కడికి తీరిపోయినట్టే. సేటుకు ఆ సంగతి చెప్పి చేతులు దులుపుకోవచ్చు. మొగిలయ్య కూడా అదే అన్నాడు. బక్కమ్మ ఒప్పుకోలేదు. ఎందుకు గుంజుతాందో చెప్తానన్నాను గాని, నాది కాదని చెప్తానన్ననా అంది.

మధ్యాహ్నమైంది. ఆమె సజ్జ రొట్టె విప్పి మొగిలయ్యకు పెట్టి, సారంగపాణికీ పెట్టి, తను తింటూ జీపు వైపే చూస్తూ కూర్చుంది. పొద్దుటిదాకా ఈ బండి తిన్నగా పోయిందా అని అడిగింది. పోయిందన్నాడు. చేతిలో ఏమీ తేడా లేదా అంది. లేదన్నాడు, అది నిజమే. అయితే పాత టైర్లు చూడాలంది.

పొద్దున విప్పిన నాలుగు టైర్లూ దుకాణం వెనక పడి ఉన్నాయి. ముందు వైపువి రెండూ దొర్లించుకొచ్చి పక్కపక్కన నిలబెట్టింది. కుడి పక్కది గుండులా అరిగిపోయింది. ఎడమ పక్కది పాత టైరుకు కొత్త రబ్బరు అతికించింది, గీతలు ఇంకా లోతుగా ఉన్నాయి. ఆమె రెండింటి మీదా ఒక కర్ర అడ్డంగా పెట్టింది. కర్ర కుడికి వాలింది. ఎడమది బొటనవేలు మందం ఎత్తు ఉంది.

"ఎడమది ఎత్తు, కుడిది పొట్టి," అంది మెల్లగా. "అంటే బండి కుడికి ఒరగాలె. ఒరగలేదు. సక్కగ పోయింది. అంటే దాన్ని ఎడమకు ఏదో గుంజుతనే ఉన్నది. ఒకటి ఇటు, ఒకటి అటు. రెండు సరిపోయినయి. ఇయ్యాల రెండు టైర్లు సమానం అయినయి, గుంజేది బయటపడ్డది."

మొగిలయ్య మంచం మీంచి దిగి వచ్చి ఆ కర్రనూ, టైర్లనూ చాలాసేపు చూశాడు. పాతికేళ్లు ఈ పని చేశాను, నాకు ఈ ఊహ రాలేదని సారంగపాణితో అన్నాడు. ఆ మాటలో చిన్నబోయిన జాడ లేదు. పొంగిపోతున్నాడు.

బక్కమ్మ పుట్టిల్లు కొత్తవాడ. అక్కడ జంపఖానాలు నేసేవాళ్లు వాడే గట్టి నూలు తాడు ఆమె దుకాణంలో ఎప్పుడూ ఉండేది. జీపును హోటల్ ముందున్న సిమెంటు గచ్చు మీదికి తెప్పించి, చక్రాలు సూటిగా పెట్టించింది. తాడు ఒక కొసను కుడి ముందు చక్రం నడిమధ్యన సారంగపాణితో పట్టించి, రెండో కొసను వెనక చక్రం నడిమధ్యకు లాగి, అక్కడ ముడి వేసింది. అదే తాడును ఎడమ పక్కకు తెచ్చి పట్టింది. ముడి వెనక చక్రం నడిమిని దాటి బయటికి వచ్చింది. మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే. కుడి పక్కకన్నా ఎడమ పక్క ముక్కాలు అంగుళం తక్కువ. చాయ్ తాగడానికి ఆగిన డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ నవ్వడం లేదు.

ఆమె గోనెపట్టా పరుచుకుని జీపు కిందికి దూరింది. ఎడమ ముందు చక్రం దగ్గర కుదుపు ఓర్చే కమాను పట్టీల మీద గడ్డకట్టిన మట్టిని గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచింది. కాసేపటికి కింది నుంచే సారంగపాణిని పిలిచింది. అతను పక్కనే పడుకుని చూశాడు. కమాను పట్టీలన్నిటినీ ఇరుసుతో కలిపి కదలకుండా పట్టి ఉంచే నడిమి బోల్టు తెగిపోయింది. ఇరుసు ఎడమ పక్కన వెనక్కి జరిగి కూర్చుంది. జరిగిన మేర ఇనుము మీద మెరుపు గీత కనిపిస్తోంది. దాన్నిప్పుడు పట్టి ఉంచింది రెండు వదులు క్లాంపులు మాత్రమే.

"గట్టిగ బ్రేకు కొడితే ఇంక జరుగుతుండె," అంది ఆమె. "ఘాటు మీద అయితే ఏమైతుండెనో."

సారంగపాణికి నాలుగు నెలల కిందటి సంగతి గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో ములుగు నుంచి ఒంటరిగా వస్తుంటే, జాకారం దాటాక గొర్రెల మంద రోడ్డు మీదికి వచ్చింది. తప్పించబోయి ఎడమ ముందు చక్రాన్ని రోడ్డు పక్క మోరీ రాయికి కొట్టాడు. టైరు పక్క చీలింది. స్టెప్నీగా ఉన్న రబ్బరు అతికించిన టైరును దాని జాగాలో వేసుకుని వచ్చాడు. చీలినదాన్ని లోపల పట్టీ వేయించి స్టెప్నీ చేశాడు. సేటు అడిగితే పాత టైరు కదా, పగిలిందన్నాడు. తర్వాత జీపు తిన్నగానే నడిచింది, అందుకని ఆ సంగతి మనసులోంచే చెరిపేసుకున్నాడు.

బయటికి వచ్చాక బక్కమ్మ చేతులు తుడుచుకుంటూ జీపు వెనక్కి వెళ్లింది. స్టెప్నీ మీద ఆ చీలిక దగ్గర వేలు పెట్టి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత సారంగపాణి వైపు చూసింది. అతను చూపు దించుకున్నాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు హోటల్లోకి మళ్లేదాకా ఆమె ఏమీ అనలేదు. వాళ్లు పోయాక అతనే మోరీ రాయి సంగతి మొత్తం చెప్పేశాడు. చెప్పి, సేటుకు ఏం చెబుతావక్కా అని అడిగాడు.

"తెగిన బోల్టు చూపిస్త. దాంతోని నా పేరు నిలవడ్తది," అంది బక్కమ్మ. "అది ఎట్ల తెగిందో చెప్పుడు నా పని గాదు తమ్మీ. అది నీది."

అతన్ని తిట్టలేదు, బుజ్జగించలేదు. వెంటనే పనిలో పడిపోయింది. కమాన్ల పని తనకు పూర్తిగా రాదని చెప్పి, నాలుగు దుకాణాల అవతల ఉండే కమ్మరి నర్సయ్యను పిలిపించింది. నర్సయ్య కొత్త బోల్టు తెచ్చాడు. జాకీ మీద ఇరుసును లేపి, ఇద్దరూ కలిసి పలుగు వేసి దాన్ని కొంచెం కొంచెంగా ముందుకు జరిపారు. ప్రతిసారీ ఆమె తాడు పెట్టి కొలిచేది. నర్సయ్య చాలంటే, ఇంకా గోరంత ఉందనేది. ముడి రెండు పక్కలా ఒకే చోట పడ్డాకనే క్లాంపులు బిగించనిచ్చింది. మూడున్నరకు సారంగపాణి జీపును ములుగు దిక్కు తీసుకెళ్లాడు. చదును రోడ్డు మీద రెండు చేతులూ ఎత్తేశాడు. జీపు గీత గీసినట్టు తిన్నగా పోయింది.

జీపు దుకాణం దగ్గరే పెట్టి సేటు ఇంటికి నడిచే వెళ్లాడు. సేటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సారంగపాణి తాళంచెవి ఆయన ముందు పెట్టి, ఫిబ్రవరి సంగతి మొదలు పెట్టి బోల్టు దాకా ఒక్క మాట మిగల్చకుండా చెప్పాడు.

"నాలుగు నెలలు మా అమ్మను, పిల్లలను అదే బండిల తిప్పినవా?"

"బోల్టు తెగిందని తెల్వది సేటు."

"తాకిందని తెల్సుగద."

ఇక తన పని ఇక్కడితో ముగిసిందనుకుని సారంగపాణి దండం పెట్టి మెట్లు దిగబోయాడు. సేటు లోపలికి వెళ్లి చెప్పులు వేసుకుని వచ్చాడు. తాళంచెవి అక్కడే పెట్టి పోతున్నావేం, తీసుకుని నడువు అన్నాడు.

దుకాణంలో బక్కమ్మ తెగిన బోల్టు రెండు ముక్కలూ అరచేతిలో పెట్టి చూపించింది. కొలిచిన తాడు చూపించింది, పాత టైర్ల మీద కర్ర పెట్టి మళ్లీ చెప్పింది. సారంగపాణి పేరు ఎత్తలేదు. సేటు చదువుకున్న మనిషి, వ్యాపారంలో ఎవరి మాటా తొందరగా నమ్మడు. అడ్డు ప్రశ్నలు నాలుగైదు వేశాడు. ఆమె ప్రతిదానికీ చేతితో చూపించి జవాబు చెప్పింది. చివరికి ఆయన ఆ ముక్కల్ని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పొద్దుగాల నేనన్న మాట తప్పు బక్కమ్మా," అన్నాడు. గొంతు తగ్గించలేదు. హోటల్లో ఉన్నవాళ్లందరికీ వినబడింది.

ఆమె దానికి పొంగలేదు. రేపు వేములవాడకు పోవచ్చంది. అయితే ఎనభై కిలోమీటర్లు నడిచాక కొత్తగా బిగించిన క్లాంపులు కాస్త వదులవుతాయి, దిగి ఒకసారి బిగించుకోవాలని చెప్పి పానా ఒకటి సారంగపాణి చేతికిచ్చింది. సేటు వెళ్లి జీపులో కూర్చున్నాడు. సారంగపాణి మాత్రం ముందు హోటల్లోకి వెళ్లాడు. ఆ బండిని మోరీకి కొట్టింది తనేననీ, అక్క చేతిలో ఏ తప్పూ లేదనీ డ్రైవర్లందరి ముందూ చెప్పాడు. కట్టయ్య చాయ్ పోయడం ఆపి విన్నాడు. వాళ్లలో ఒక ముసలి లారీ డ్రైవరు, నా బండి ఏడాది నుంచి కుడికి గుంజుతోంది, రేపు తెస్తానని బక్కమ్మతో చెప్పమన్నాడు.

మర్నాడు అందరూ వేములవాడ వెళ్లారు. కరీంనగర్ దాటి కొంత దూరం పోయాక సారంగపాణి జీపు ఆపి కిందికి దూరి క్లాంపులు బిగించాడు. సేటు తల్లి వరలక్ష్మమ్మ, ఎందుకాపావని అడిగింది. ఆ మిగిలిన దారంతా అతను బక్కమ్మ సంగతే చెప్పాడు. గాలి కాదంది, బ్రేకు కాదంది, టైర్లు మార్చింది, తాడు పట్టింది, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. సేటు నడుమ నడుమ తాడు ముడి సంగతి సరిగ్గా చెప్పలేదని దిద్దాడు. తనను చేయని తప్పుకు పదిమందిలో అన్నా కూడా, చేసినవాడి పేరు ఆమె బయట పెట్టలేదనీ చెప్పాడు. ముసలామె అంతా విని, తిరిగి వచ్చేటప్పుడు ఆమెను చూపించమంది.

రెండో రోజు మధ్యాహ్నం జీపు ములుగు రోడ్డు మీద ఆగింది. బక్కమ్మ లారీ చక్రం మీద ఒక కాలు వేసి పట్టీకడ్డీతో టైరు అంచు లేపుతోంది. మొగిలయ్య ఎడమ చేత్తో ట్యూబు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వరలక్ష్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని జీపు దిగి, ఒక పాత టైరు మీద సర్దుకుని కూర్చుంది. బక్కమ్మ పని ఆపబోతే, ఆపకు బిడ్డా, నేను చూడనీకే వచ్చిన అంది. టైరు పూర్తిగా ఎక్కి, గాలి నిండి, అంచు టప్పుమని కూర్చునేదాకా ముసలామె అక్కడే కూర్చుని చూసింది. సేటు తొందరపెట్టలేదు.